తేనెటీగ వాలని పూలు

జనవరి 19, సోమవారం

కాయలు ఎందుకు వంకర పోతున్నాయో ఇవాళ తెలిసింది. అర ఎకరం స్ట్రాబెర్రీలో సగం కాయలు ముడుచుకుపోతుంటే తెగులే అనుకున్నాను. తామర పురుగుకని మొదలుపెట్టి, మిర్చి తోటకు కొట్టే అలవాటు కొద్దీ మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టాను. వంకర కాయలు పెరిగినకొద్దీ మందూ పెంచాను.

పొద్దున హార్టికల్చర్ మేడం దేవరుప్పుల నుంచి వచ్చింది. ఒక కాయ తెంపి, ముడుచుకున్న వైపు గింజలు ఎంత చిన్నగా ఉన్నాయో చూపించింది.

"ఇది తెగులు కాదన్నా. పువ్వు మీద తేనెటీగలు వాలకుంటే కాయ గిట్లనే అయితది. మందు ఎప్పుడు కొడుతున్నరు?"

"పొద్దుగాల మేడం. పూలు విచ్చుకున్నంక."

ఆమె పూల వైపు చెయ్యి చూపించింది. సాళ్ల నిండా తెల్లటి పూలున్నాయి. ఒక్కదాని మీద కూడా ఏమీ వాలలేదు. నాకు బాధ కూడా కలగలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. పప్పులో ఉప్పుందో లేదో తెలియలేదు.

రేపటికని కలిపిన మందు డ్రమ్ములోనే ఉంది. దాన్ని ఎక్కడ పారబోయాలో...

కాయ కోసే ఆడవాళ్లను తేనెటీగలు కుడుతున్నాయని మొదట్లో నా భార్య పద్మ రోజూ గొణిగేది. నెల కింద తనే సంబరంగా చెప్పింది, "ఇప్పుడు ఒక్క ఈగ గూడ కుడతలేదు. మందు మంచిగ పనిచేస్తున్నది" అని. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇవాళ మేడం మాట్లాడుతున్నంతసేపూ పద్మ నా పక్కనే ఉంది. ఇప్పుడు మంచం మీద అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. నెల కింద నవ్వుకున్న ఆ మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.