మిట్టమధ్యాహ్నపు మంచు

ఆదివారం రాత్రి

పొద్దున ముగ్గురం హార్సిలీ హిల్స్‌కు వెళ్లొచ్చాం. పార్కులో ఊయలలు, జారుడుబల్లలు అయ్యాక పాపను తీసుకుని కొండ అంచున ఉండే గాలిబండ దాకా నడిచాం. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. మా ఆయన బండ మీద నిలబడి, "ఈ పొద్దు మంచు బాగా పట్టింది సూడు, కింద ఊళ్లేవీ అగపడ్డం లేదు" అన్నాడు.

"మంచు యాడుండాది నాన్నా? ఇంత ఎండ కాస్తాంటే!" అని పాప నవ్వింది. ఆయనా నవ్వాడు. తమాషాకే అన్నాడనుకున్నాను.

దిగేటప్పుడు కారులో పాపను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒక ఆట పెట్టాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఎదురుగా ఏ బండి వస్తోందో ముందుగా చెప్పినవాళ్లు గెలిచినట్టు. "బస్సు నాన్నా!" అని అది అరిచాకే బ్రేకు వేసేవాడు. ప్రతి మలుపులోనూ పాపే గెలిచింది. సగం కొండ దిగేసరికి అది ఆట కాదని నాకు అర్థమైంది. వెనక సీట్లోంచి నేనూ ప్రతి మలుపుకూ ముందుకు వంగి రోడ్డు చూస్తూ వచ్చాను. పాప ముందర నోరు తెరవలేకపోయాను.

ఇంటికొచ్చాక, కళ్లు సరిగా కనబడటం లేదా అని అడిగాను. "యాల అట్ల భయపడతావు? ఎండకు కండ్లు మండినాయి, అంతే" అన్నాడు.

రేపు తెల్లవారుజామున ఆయన టెంపోలో టమోటా లోడు వేసుకుని కుప్పం పోవాలి, ఒక్కడే. పక్కన కూర్చుని చెప్పడానికి పాప ఉండదు. ఆ చీకట్లో...

ఇందాక ఆయన ఎదురుగానే టెంపో తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో వేశాను. చూసి ఊరుకున్నాడో, అసలు కనబడనే లేదో.