తాత ఎత్తిన ఎర్ర తువ్వాలు

ఫిబ్రవరి 2, ఆదివారం. సాయంత్రం

ఈ రోజు జెట్టీ దగ్గర అన్యాయం జరిగింది. చేసింది మా తాత జోగులు. అమ్మకి నాన్న. నన్ను భుజాల మీద ఎక్కించుకుని పెంచినవాడు. అయినా రాస్తున్నాను.

అమ్మాయిల డింగీ పడవల రేసులో కప్పు మాకిచ్చారు. అది మాది కాదు. జెట్టీ నుంచి సముద్రంలోకి వెళ్లి, తేలే థర్మాకోల్ దిమ్మ మీద పాతిన జెండాని బయట నుంచి చుట్టి రావాలి. మా పడవలో వెనక దారి తిప్పే తెడ్డు పట్టింది కనకదుర్గ. లోపలి నుంచే తిప్పేసింది. తెడ్లు వేసేవాళ్లం వెనక్కి తిరిగి కూర్చుంటాం కదా, పడవ గట్టు వైపు మళ్లాక చూస్తే జెండా నా కళ్లెదుటే ఉంది. సముద్రం వైపు. దాన్ని మేం చుట్టనే లేదు. ప్రోతరాపూర్ అమ్మాయిలు పూర్తిగా చుట్టి వచ్చి అర పడవ తేడాతో ఓడిపోయారు.

గట్టు మీదవాళ్లకి అంత దూరం కనబడదు. అందుకే చేపల వేటకెళ్లేవాళ్లలో అందరికన్నా పెద్దాయన జెండా పక్కన పడవలో కూర్చుంటాడు. సరిగ్గా తిరిగిన పడవకి ఎర్ర తువ్వాలు ఎత్తుతాడు. అదే తీర్పు. కెమెరా లేదు, అప్పీల్ లేదు. మగాళ్ల రేసులు మొదలైన నాటి నుంచి ఇదే పద్ధతి, ఒక్కరూ కాదనలేదు.

తాత మాకు తువ్వాలు ఎత్తాడు. మనవరాలి పడవ కదా.

గెలిచిన టీమ్‌ని ఓడలో విశాఖపట్నం మీట్‌కి పంపుతారు. పేర్లు పదో తారీఖున వెళ్తాయి.

ఫిబ్రవరి 3, సోమవారం

డెలానీపూర్‌లో నేను పనిచేసే జెరాక్స్ షాపుకి అన్ని పార్టీల కరపత్రాలూ వస్తాయి. పాడైన కాపీలు ఇంటికి తెచ్చుకుంటాను. ఈ దీవుల్లో స్కూళ్లలో అంతా హిందీ, నాకు తెలుగు చదవడం నేర్పింది ఆ కాగితాలే. ఈ రోజు నేనే ఒకటి రాశాను. "బంధుప్రీతి నశించాలి. తువ్వాలు చాటు రాజకీయం నశించాలి."

షాపు ఓనర్ తిరుమలరావు భయ్యా చదివి, ఇది రాసినవాళ్లు ఆ పడవలో ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. కప్పు ఇస్తుంటే ఏం చేశారని అడిగాడు. ఒక వైపు పట్టుకున్నానని చెప్పాను. ఆయన ఆ కాగితం నాకే తిరిగిచ్చేశాడు. మెషీన్లో పేపర్ పెట్టమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పడవలో నలుగురం ఉన్నాం. అంపైర్ ఒక్కడే.

ఫిబ్రవరి 4, మంగళవారం

తాతతో మాట్లాడలేదు. తన కంచంలోని వంజరం చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. తిన్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ప్రోతరాపూర్ కెప్టెన్ శ్రీలక్ష్మి జెట్టీలో కనబడింది. వాళ్ల నాన్న బస్ కండక్టర్, వాళ్లింట్లో వేట మానేసి ఒక తరమైంది. మూడు నెలలు ఫస్ట్ బస్సుకి వచ్చి, అడిగి తెచ్చుకున్న డింగీ మీద నేర్చుకున్నారు. మొదటి వారం పడవ గుండ్రంగా తిరుగుతుంటే, తెడ్లతో మజ్జిగ చిలుకుతున్నారా అని మేం నవ్వేవాళ్లం. ఈ రోజు ఆ డింగీని తిరిగి ఇచ్చేయడానికి మంచినీళ్లతో కడుగుతోంది. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు.

జెండా దగ్గర జరిగింది చూశావా, ఎందుకు గొడవ పెట్టలేదని అడిగాను.

"తాత తువ్వాలు ఎత్తీసినాక నానేటి మాట్లాడతాను దీదీ? ఆయన ఝూఠ్ చెప్పడు. మేమే తెలీక దూరం తిరిగుంటాం."

తన కళ్లతో చూసింది కూడా నమ్మడం మానేసింది ఆ పిల్ల. రేపు తాతని వదలను.

ఫిబ్రవరి 6, గురువారం. పొద్దున్న

తాతని డింగీలో ఎక్కించుకుని జెండా దగ్గరికే తీసుకెళ్లాను. తప్పు చేసిన చోటే నిలదీయాలని. మాటలన్నీ బట్టీ పట్టాను.

గాలి లేదు. నీళ్లు కదలడం లేదు. జెండా పక్కనే పడవ ఆపాను. తాత చెయ్యి చాపితే తగులుతుంది. తను అటే తిరిగి కూర్చుని అడిగాడు.

"జెండా ఇంకా ఉందేటే, తీసీసారా?"

తాత చెయ్యి పట్టుకుని ఆ గుడ్డ మీద పెట్టాను. దాన్ని నలుపుతూనే చెప్పాడు.

చూపు పోయి మూడేళ్లయిందట. మనుషులు పొగలా కనబడతారట. తెలిస్తే పైడిబాబు మావయ్య పడవ ఎక్కనివ్వడని దాచాడు. రేసుల్లో తెడ్ల చప్పుడు బట్టి చెప్పేస్తున్నాడు. జెండాకి తను లోపలి వైపు, గట్టుకేసి తిరిగి కూర్చుంటాడు. బయట నుంచి తిరిగే పడవ చప్పుడు వీపు వెనక వినబడాలి, లోపలి నుంచి తిరిగితే ముందు వినబడుతుంది. ఇన్నాళ్లూ తప్పలేదట. ఆదివారం మాత్రం సరిగ్గా అప్పుడే టూరిస్ట్ స్పీడ్ బోటు ఒకటి అడ్డంగా పోయింది.

"ఏటీ ఇనబడనేదు. తెడ్లకి వరస పలుకుతున్న నీ గొంతు ఒకటే ఇనబడింది. మా కళ ఉన్న పడవ తప్పు తిరగదు గదా అని ఎత్తీసాను."

లోపలి నుంచే తిరిగామని చెప్పాను. తాత నీళ్లలో చెయ్యి ముంచి ముఖం తుడుచుకున్నాడు. అయితే ఇద్దరం దొంగలమేనన్నమాట అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు తెడ్లు తాతే వేశాడు. ఎటు వెయ్యాలో నేను చెప్పాను.

మొదటి పేజీలో రాసింది తప్పు. కొట్టెయ్యడం లేదు. అలాగే ఉండాలి.

అదే రోజు, సాయంత్రం

కప్పు తిరిగి ఇచ్చేద్దామని కనకదుర్గకి చెప్పాను. ఓడ ఎక్కడానికి బ్యాగు కూడా కొన్నానని ఏడ్చింది. నువ్వు కూడా తెడ్డు వేశావుగా, ఆ నిమిషంలో నోరెందుకు పెగల్లేదని అడిగింది. పోయేటప్పుడు, నీ కరపత్రాలు నువ్వే చదువుకోమంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కప్పు తిరిగి ఇస్తాను, నోటీసులో నా పేరు ఒక్కటే రాస్తాను, నీ కళ్ల సంగతి ఎందుకు అన్నాను తాతతో. వలకి ముడి వేస్తూనే చెప్పాడు.

"కళ్లు నేకుండా ఆ సోట కూకోడం నా తప్పు. నీ తప్పు కింద దాన్ని దాసీకు. నా పేరే ముందు రాయి."

నాదే ముందు అన్నాను. నువ్వు పుట్టక ముందు నుంచీ నేను జోగుల్ని అన్నాడు. గంట సేపు పోట్లాడుకున్నాం. అమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది.

ఆ తర్వాత తాతే మావయ్యని పిలిచి చెప్పేశాడు. మావయ్య లేచి వెళ్లి తాత పడవ తాడు విప్పి తన పడవకి కట్టుకున్నాడు. తాత ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. కంటి ఆపరేషన్‌కి వస్తావా అని అడిగాను. ముందు ఆదివారం కప్పు ఇచ్చేద్దాం అన్నాడు.

ఫిబ్రవరి 8, శనివారం

నోటీసు రాశాం, చివర అతికించాను. తిరుమలరావు భయ్యా వంద కాపీలు తీసిపెట్టాడు. శ్రీలక్ష్మికి నేనే బస్సులో వెళ్లి ఇచ్చాను. కనకదుర్గ చదివి, ఇరవై కాపీలు పట్టుకెళ్లింది.

"గెలిచింది ప్రోతరాపూర్ పడవ. మేం జెండా చుట్టలేదు. తెలిసీ కప్పు తీసుకున్నాను: కళ. చూపు లేకుండా తీర్పు చెప్పాను: జోగులు. ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి జెట్టీ దగ్గర ఈ మాటే అందరి ముందూ చెప్పి, కప్పు వాళ్లకి ఇస్తాం. రండి. మెట్లకి పాకురు పట్టింది, తాతని దించడానికి నా చెయ్యి ఒక్కటీ చాలదు. ఒకరిద్దరు కాస్త ముందే రండి."