నలభై ఇళ్ళకు ఒకటే నంబరు

కొల్లేటికోట,
మంగళవారం.

హెన్రీ అన్నయ్యకు, చెల్లెలి వందనాలు.

ఫోన్లో చెప్పాలంటే భయమేసి ఉత్తరం రాస్తున్నాను. మన నలభై ఇళ్ళకూ చర్చి పేరు మీద ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్ అని నీకు తెలుసు కదా. మా చేపల చెరువుతో సహా అందరి చెరువుల గట్లూ కొట్టించిన ఆఫీసరు గారికి, చంపేస్తామని మొన్న ఆదివారం మెయిల్ వెళ్ళిందట. అది మన కనెక్షన్ నంబరు నుంచే వెళ్ళిందని నిన్న పోలీసులు వచ్చారు. "ఇంటికో నంబరుంటే ఎవరో ఈపాటికి తేలిపోయేదండీ" అన్నారు.

నువ్వు ఏలూరులో ఇంటర్నెట్ ఆఫీసులోనే చేస్తున్నావు. ఆ నంబర్లు పంచే అధికారం మీదా, ఢిల్లీ వాళ్ళదా? ఇంటికొకటి ఇప్పించమని పాస్టరు గారు నీకు ఫోన్ చేస్తారు. కుదరదని చెప్పు అన్నయ్యా. ఇప్పుడు విడగొడితే ఆదివారం మెయిల్ ఎవరింటి నుంచి వెళ్ళిందో కూడా బయటపడుతుందా?

మెయిల్ వెళ్ళింది పదిన్నరకట. అప్పుడు ఊరంతా ఆరాధనలో ఉంది. లోపలికి వచ్చేవాళ్ళ ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయించుకునేది నేనే. అందరివీ ఉన్నాయి. మీ బావగారు మాత్రం జ్వరమని ఇంట్లో ఉండిపోయారు.

ఆ సాయంత్రం ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది.

బుట్ట సంగతి పోలీసులు ఇంకా అడగలేదు.

నీ చెల్లెలు