నీళ్లకు లొంగనిది

టాంటా, జూన్ 11

ప్రియమైన నఫీసా అక్కకు,

సెలవుల్లో వచ్చినప్పుడు చూశాను. మెట్ల మీద రెండుసార్లు తూలావు. టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. అడిగితే కసురుకున్నావు. మల్లె అత్తరు ఫ్యాక్టరీలో పళ్లేలకు అంటిన మైనాన్ని హెక్సేన్ అనే ద్రావకంలో తడిపిన గుడ్డతో, వట్టి చేతులతో తుడుస్తున్నావు. ఆ పని వెంటనే మానెయ్. కోప్పడినా సరే.

నీ చెల్లి,
ఇబ్తిహాల్

జూన్ 19

ఒసేయ్ బుసీ,

రెండేళ్లు ఫార్మసీ చదివేసరికి డాక్టరమ్మవైపోయావా? నీ పుస్తకాలు కొన్నవి ఈ వట్టి చేతులే. గంటకోసారి నీళ్లతో తోముకుంటున్నాను. మా యజమాని హాజ్ రిద్వాన్ ఒంటికి మంచిదని రోజూ పాలు ఇప్పిస్తున్నాడు. "తెల్లవారుజామున మంచులో పూలు కోస్తే చేతులు తిమ్మిరెక్కవా అమ్మాయ్?" అంటున్నాడు. నీ చదువు నువ్వు చూసుకో.

నఫీసా

జూన్ 27

ప్రియమైన అక్కకు,

నువ్వు ఎంత తోముకున్నా లాభం లేదు. నీటి అణువుకు ఒక వైపు కాస్త ధనావేశం, ఇంకో వైపు ఋణావేశం ఉంటాయి. ఉప్పు, చక్కెర లాంటివాటిని నీరు ఆ ఆవేశాలతోనే పట్టి లాగుతుంది. హెక్సేన్‌కు అలాంటి వైపులే లేవు, నీళ్లకు చిక్కదు. మైనానికీ అంతే, అందుకే అది హెక్సేన్‌లో ఇట్టే కరుగుతుంది. నీ చర్మంలోని కొవ్వూ ఆ జాతిదే. హెక్సేన్ దాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతోంది, ఊపిరితోనూ పోతోంది, నరాలను పాడుచేస్తోంది. ఆ పాలు నిన్ను నోరెత్తకుండా ఉంచడానికే!

నువ్వు వినవని తెలిసి, కార్మిక శాఖకు నీ పేరుతో ఫిర్యాదు రాశాను.

నీ బుసీ

జూలై 15

ఇబ్తిహాల్‌కు,

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. హాజ్ ఇంట్లో టీ తాగాడు. నువ్వు నా పేరుతో రాసిన ఫిర్యాదును అందరి ముందూ గట్టిగా చదివి వినిపించాడు. ఆ చదువుకున్న మాటలు నీవేనని హాజ్ పట్టేశాడు. "చెల్లెలు అంత చదువుకుంది కదా, ఇక ఆవిణ్ణే పోషించమను" అని హాజ్ నన్ను గేటు బయటికి పంపేశాడు. మిగతావాళ్లకు పల్చటి రబ్బరు చేతి తొడుగులు పంచి ఫోటో తీయించుకున్నాడు. నా పేరు వాడుకునే ముందు నన్నొక్క మాట అడిగావా? ఇక నాకు ఉత్తరాలు రాయకు.

నఫీసా

టాంటా, ఆగస్టు 20

ప్రియమైన అక్కా,

మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అడగకుండా చేయడం నా తప్పే. కానీ రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

బుసీ

సెప్టెంబర్ 4

బుసీకి,

నీ మూడు ఉత్తరాలూ చదివాను. కోపంతో జవాబివ్వలేదు.

పోయిన వారం, నాతో పాటు పళ్లేలు తుడిచిన సబాహ్ ఏడుస్తూ వచ్చింది. హాజ్ ఇచ్చిన తొడుగులు హెక్సేన్ తగిలి రొట్టెల్లా ఉబ్బి చిరిగిపోయాయట. ఆమెకూ వేళ్లు మొద్దుబారుతున్నాయి. తెల్లారగానే గేటు దగ్గరికి వెళ్లాను. ఒక గ్లాసులో నీళ్లు, ఇంకోదాంట్లో సబాహ్ తెచ్చిన హెక్సేన్. రెండింటిలోనూ నెయ్యి వేశాను. నీళ్లలో తేలింది, రెండోదాంట్లో కరిగి మాయమైంది. "మన ఒంట్లో ఉన్నదీ కొవ్వేనర్రా" అన్నాను. పళ్లేలు తుడిచే పదకొండు మందీ గుడ్డలు కింద పడేశారు.

పని ఆగి, బుట్టల్లో పూలు ఎండకు నల్లబడుతుంటే హాజ్ పరిగెత్తుకొచ్చాడు. "నా ఉప్పు తిని నాకే ఎదురు తిరుగుతారా?" అని అరిచాడు. సబాహ్ చిరిగిన తొడుగు తీసి అతని కాళ్ల ముందు విసిరింది. మధ్యాహ్నానికి దిగొచ్చాడు. ఆవిరిని బయటికి లాగే ఫ్యాను, గట్టి తొడుగులు వచ్చేదాకా పళ్లేలు ఎవరూ ముట్టరు. నన్ను మాత్రం మళ్లీ తీసుకోనన్నాడు. తీసుకున్నా వెళ్లను.

ఇంకొకటి. నీ మొదటి ఉత్తరం రాకముందే నా పాదాలకు స్పర్శ పోయింది. ఓ రోజు నిప్పు తొక్కాను, వాసన వచ్చాక గానీ తెలియలేదు. చెబితే చదువు మానేసి వచ్చేస్తావని నిన్ను తిట్టాను. నరాలు మెల్లగా కోలుకోవచ్చని ఆ మూడు ఉత్తరాల్లో రాశావు కదా, మీ ఊరి డాక్టరుకు చూపించుకుంటాను.

శనివారం పదింటి రైలుకు వస్తున్నాను. ప్లాట్‌ఫారం మీదే నిలబడు. బోగీ మెట్లు ఒక్కదాన్నే దిగలేను.

నీ అక్క,
నఫీసా