పైనుంచి వచ్చిన ఆర్డర్

మంగళవారం

మా చేలో పెంచిన జామాయిల్ కర్రను సారపాక కాగితం మిల్లుకు తోలుతుంటే అటవీ చెక్‌పోస్టు దగ్గర గార్డు ట్రాక్టర్ ఆపాడు. జామాయిల్‌కు పర్మిట్ అక్కర్లేదని తెలిసీ నేను ట్రాక్టర్ దిగలేదు. అమ్మే దిగింది.

"ఎందుకాపినవ్ బిడ్డా?"

"పైనుంచి ఆర్డర్, పెద్దమ్మా."

"వాన గూడ పైనుంచే వస్తది. నేల తడిస్తే కనపడుతది. నీ ఆర్డర్ ఏడ పడ్డది? కాయితం సూపియ్యి."

కాగితం లేదు. గేటు లేచింది. సంతకం కూడా రాని మా అమ్మ! దారంతా ఆ మాటే తలచుకుని పొంగిపోయాను.

ఒక్కటే గుచ్చుతోంది. నేను పంచాయతీ కార్యదర్శిని. నిన్న రోడ్డు పక్కన కూరగాయలమ్మే ఆమెను లేపేస్తూ నేనూ "పైనుంచి ఆర్డర్" అన్నాను. నా దగ్గరా కాగితం లేదు. ఆమె అడగలేదు, అంతే.