తహమీనా సంచి

తిరువూరు

పిల్లల సంక్షేమ ఆఫీసు మేడమ్ గారికి నమస్కారం.

మొన్న తహమీనా కాగితంలో, మీరు సంతకం పెట్టాల్సిన గడిలో నేనెందుకు పెట్టానో సంజాయిషీ రాయమన్నారు. కళ్లజోడు లేక పెట్టానండీ. అది పిల్ల సంచిలో ఉంది.

తల్లీతండ్రీ లేని ఆ పిల్లను మీరు మా ఇంట్లో ‘తాత్కాలికంగా’ ఉంచి ఆరేళ్లయింది. ఏటా మీరొచ్చి ఇంకో ఏడాది పొడిగిస్తారు. పిల్లేమో తనను తీసుకెళ్లడానికే వచ్చారనుకుని, మీ స్కూటీ చప్పుడు వినగానే సంచి సర్దేస్తుంది. ఇదివరకు తన గౌన్లే సర్దేది. ఈసారి విప్పితే నా కళ్లజోడు, మా ఆయన లుంగీలు బయటపడ్డాయి. ఇదేంటే అంటే, “మీరూ వస్తారుగా అమ్మీ” అంది.

అందుకని, శాశ్వతమని రాసిన కాగితమైనా తెండి, స్కూటీ మానేసి ట్రాలీ ఆటో అయినా తెండి. ముగ్గురం ఎక్కాలి. నా కుట్టుమిషను కూడా ఉంది.

ఇట్లు,
తహమీనా అమ్మీ