గట్టు మీది మిడతలు

నిస్సీ తల్లీ,

ఈ అట్టపెట్టెలో ఉన్నది పూతలపట్టు కూడలిలో ఎవరో పారేసిపోయిన తొండ పిల్లే. ఫోటో చూసి "మన తొండ కాదు చిన్నమ్మా, విదేశాల్లో పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్" అన్నావే, అదే. నీకు రెండుసార్లు ఫోన్ చేశాను, క్లాసులో ఉన్నావేమో, తీయలేదు. మునిశేఖర్ అన్న తిరుపతి బస్సెక్కుతున్నాడు. మీ పశువైద్య కాలేజీలో నీ చేతికే ఇమ్మని పంపిస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. దాని రెండు కళ్ల మధ్య ఎడం కన్నా పెద్ద పురుగు పెట్టలేదు. రోజూ పొద్దున ఎండ చూపించాను. నాలుగు రోజులు నా చెయ్యెక్కి తినింది. నిన్న నడుం నొప్పితో దూరం పోలేక, మన టమోటా తోట గట్టు మీదే మిడతలు పట్టాను. ఈ పొద్దు చూస్తే నోరు తెరిచి పడి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి.

తోటకు మందు ఎప్పుడు కొట్టావని మీ చిన్నాయనను అడిగాను. "మొన్న సాయంత్రమే కొట్టినా గదా. వారం దాకా ఆ గట్టు దిక్కు పోబాకు. యాల అడుగుతుండావు?" అన్నాడు. ఊరికే అన్నాను.

దాన్ని ఎట్లాగైనా బతికించు తల్లీ. బతకదనిపిస్తే మాత్రం ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి, దాచొద్దు. ఆ గట్టు మీదే చెంచలాకు కూడా కోశాను. దానికి రెండాకులు తరిగి వేసి, మిగిలింది రాత్రి పప్పులో వేశాను. రెండుసార్లు కడిగే వేశాను. ఇప్పటికి అందరం బాగానే ఉన్నాం.

మన పాప మారు పెట్టించుకుని మరీ తినింది.

మీ చిన్నమ్మ